ఎముకల బలోపేత బాట

తాండూరు ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన పట్టణంలో ఎముకల బలహీనతను రూపుమాపే కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది. ఎముకలు బలపడ్డాయా అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లను పట్టించుకుంటే ఏ కార్యక్రమమూ ముగియదు.

అసలు దీనికంతటికీ మూలం నాగవ్వ చెయ్యి. బండల పాలిషింగ్ యూనిట్ యజమాని ఎల్లప్పగారి భార్య నాగవ్వ ఒకరోజు గడప దాటుతూ తూలి, చెయ్యి నేలకు ఆనించింది. ఆ మాత్రానికే మణికట్టు విరిగింది. వికారాబాద్‌లో అతియా అనే డాక్టరమ్మ కట్టు కట్టి, పరీక్ష చేయించి, ఎముకలు గుల్లబారాయని తేల్చింది.

“గోళీలు ఏస్కో అమ్మా. కానీ ఉత్త గోళీలతోని కాదు. రోజు జర జల్దీ జల్దీ నడువాలె. కాళ్ల మీద బరువు పడాలె, ఊపిరి జర ఎక్కువ ఆడాలె. ఎముకకు పని చెప్తెనే గట్టిగుంటది. జారే జాగల మాత్రం నడువకు” అంది.

నాగవ్వ ఈ మాట గట్టిగా పట్టుకుంది. ఆమె తల్లి కోట్‌పల్లిలో తుంటి విరిగి మంచాన పడి, ఇంకొకరు వచ్చి తిప్పితే తప్ప పక్కకు తిరగలేని స్థితిలో పోయింది. తనకా గతి పట్టకూడదు. నాగవ్వ కోరిక అంతే, దానికి మించి ఏమీ లేదు. మర్నాడే బూట్లు తొడుక్కుని రోడ్డెక్కింది.

సందు మలుపు తిరగకముందే కందుల వ్యాపారి శ్రీహరి బండి ఆపాడు. “వదినా, కారు ఖరాబైందా? ఎక్కు, దింపుత” అన్నాడు. నడవాలని బయలుదేరానంటే నవ్వి, ఇంకాస్త జరిగి చోటిచ్చాడు. ఆయన్ను వదిలించుకుంటే ఆటోవాడు ఆగాడు. నాగవ్వ ఇల్లు చేరేలోపు, యూనిట్ మూతపడిందటగా అంటూ ఎల్లప్పకు పరామర్శలు మొదలయ్యాయి.

ఎల్లప్పకు భార్య మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. “నేను బతికుండంగ నువ్వు రోడ్డు మీద నడుసుడేంది? నీ కోసం బాటనే ఏయిస్త” అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. శ్రీహరి అధ్యక్షుడుగా అస్థి పరిరక్షణ సమితి ఏర్పడింది. ఖాళీ స్థలంలో గుండ్రంగా బండలు పరిచారు. మేస్త్రీ అమాయకుడు, నడిచేచోట బండ గరుకుగా ఉంటే మంచిదేమో అన్నాడు. ఎల్లప్ప మనసు చివుక్కుమంది. తాండూరులో పుట్టి పాలిష్ లేని బండ పరచడమంటే చుట్టాలకు మసిగిన్నెలో వడ్డించడమే కదా. బాటకు అద్దంలాంటి పాలిష్ పెట్టించాడు.

ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి అందులోనే చూసుకుని మీసం సవరించుకున్నారు. ఎండ ఎముకలకు మంచిదని రోగులకు షామియానా వేయలేదు, వేదిక మీది పెద్దలకు మాత్రం వేశారు. శ్రీహరి ప్రసంగించాడు: “సోదరీమణులారా! ఎముక బలమే దేశ బలం. నడక లేని జాతి నిలబడలేదు. కావున మీరందరు దయచేసి సభ అయ్యేదాక కుర్చీలకెళ్లి లేవకుండ్రి.” సోదరీమణులు లేవలేదు. సభ మధ్యాహ్నం దాకా సాగింది. పెద్దలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మేజోళ్లతో, బాట మీద నాలుగడుగులు వేసి దిగారు.

మర్నాటి నుంచి నియమావళి అమల్లోకి వచ్చింది. బూట్లతో నడిస్తే మెరుపు పోతుంది కనుక బూట్లు నిషిద్ధం. ఉత్త కాళ్లతో నడిస్తే మరకలు పడతాయి కనుక అదీ నిషిద్ధం. ఆ వారమే మేజోళ్లతో నడుస్తూ ఒకావిడ జారబోయి తమాయించుకుంది. సమితి అత్యవసరంగా సమావేశమై, ప్రజల క్షేమం కోరి, గేటుకు బోర్డు తగిలించింది: ఎముకల బలహీనత ఉన్నవారికి ప్రవేశం లేదు.

“నీ మంచికే అమ్మా. నువ్వు పడితె సారు నన్ను తీసేస్తడు” అన్నాడు కావలిదారు యోబు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయితే నాగవ్వ కోసమే వేసిన బాట దగ్గరికి నాగవ్వ రాకపోతే బాగుండదు. అందుకని రోజూ ఉదయం ఆమెను కారులో తెచ్చి గేటు పక్క కుర్చీలో కూర్చోబెట్టేవారు. పక్క కుర్చీలో పొరుగింటి వజీరాబీ ఉండేది, ఆమెవీ గుల్ల ఎముకలే. “నడువకుంటె ఇరుగుతయంట, నడుస్తె ఇరుగుతయంట. గిదేం బీమారి వదినా?” అనేది. ఉక్కులాంటి ఎముకలున్న కుర్రాళ్లు బాట మీద జారుతూ రీల్స్ తీసుకుంటుంటే ఇద్దరూ చూసేవాళ్లు. పెళ్లి ఫొటోలకు కూడా బాట బాగా పనికొచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఒక్కరోజూ తప్పకుండా కూర్చున్నందుకు నాగవ్వకు ఉత్తమ నడక మహిళ అని శాలువా కప్పారు. ఆ తర్వాత వికారాబాద్‌లో మళ్లీ పరీక్ష చేస్తే ఎముకలు ఇంకా పలచబడ్డాయి.

“నడుస్తలేరా?” అంది అతియా.

“బాటనే ఏయించిన మేడం. పొడుగు సాలలేదేమో, రెండో విడత పని పెడ్త” అన్నాడు ఎల్లప్ప.

నాగవ్వకు తల్లి మంచం కళ్లముందు కదిలింది. భయం, దాని వెంటే కోపం వచ్చాయి. ఆసుపత్రి మెట్లు దిగి, తెరిచి ఉన్న కారు తలుపు దాటి, చరచరా రోడ్డు పట్టుకుని నడిచింది. “నాగవ్వా, ఎక్కే. అందరు చూస్తున్రు” అంటూ ఎల్లప్ప కారు ఆమె వెంట నత్తనడక నడిచింది. దాని వెనక ఆటోలు, వాటి వెనక తాండూరు బస్సు నిలిచిపోయాయి.

కారుండి కూడా ఆడమనిషి నడుస్తోందంటే కాపురంలో కలత తప్ప కారణమేముంటుంది? దుకాణాల్లోంచి పెద్దమనుషులు దిగివచ్చారు. పూలమ్మే ముసలామె నాగవ్వ చెయ్యి పట్టుకుని, “ఏమన్నడు బిడ్డా?” అంది.

“ఏమన్లె. నేనే నడుస్తున్న.”

“గట్లనే అంటరు. అన్నీ కడుపులనే దాసుకుంటరు” అని ముసలామె కళ్లొత్తుకుంది. తర్వాత అందరూ ఎల్లప్ప మీద పడ్డారు. ఈ వయసులో ఇల్లాలిని రోడ్డుమీద నడిపిస్తావా అని నిలదీశారు. ఎల్లప్ప కారు దిగి, చేతులు జోడించి, నలుగురి ముందూ మాటిచ్చాడు.

“తప్పైంది. ఇగ దీన్ని జన్మల నడువనియ్య.”

జనం తృప్తిగా నిట్టూర్చారు. నాగవ్వ ఏదో చెప్పబోయింది గానీ అప్పటికే ఎన్నో చేతులు ఆమెను ఎంతో మర్యాదగా, ఎక్కడా తగలకుండా, సీట్లో కూర్చోబెట్టాయి. ఆ గుంపులో చెడ్డవాడు ఒక్కడూ లేడు. నవ్వుకుంటున్నారు గానీ, మీరక్కడ ఉంటే కారు తలుపు వేసేది మీరే.