నడవని లిఫ్టు, నిద్రపోని పెద్దసారు

పేరు బయటికి చెప్పకూడని ఒక ప్రభుత్వ శాఖ లండన్‌లో అత్యంత రహస్యంగా పనిచేసేది. ఆ రహస్యాన్ని కాపాడటానికి తలుపు మీద ‘ఉన్ని పరిశోధన కేంద్రం’ అని బోర్డు పెట్టారు. పాలవాడు మాత్రం రోజూ గుమ్మంలో ‘గూఢచారులకు, ఆరు సీసాలు’ అని చీటీ పెట్టి వెళ్లేవాడు.

ఆ శాఖలో మోర్టిమర్ హాడో అనే గుమాస్తా ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా దేశాన్ని కాపాడుతున్నాడు. కాపాడటమంటే ఫైళ్లకు దారం కట్టటం. 1962 మార్చిలో ఆయన సేవను గుర్తించి పెద్ద బాధ్యత అప్పగించారు. ఒక రచయిత్రి రాసే రెక్స్ తార్న్ నవలల్లో పద్నాలుగోది అచ్చుకు వెళ్లేముందు చదివి, అందులో శాఖ రహస్యాలేమైనా ఉన్నాయేమో తేల్చాలి. తార్న్ అంటే ఒక చేత్తో మొసలి నోరు మూసి, రెండో చేతిలో గ్లాసు తొణక్కుండా పట్టుకోగల గూఢచారి. ముందటి పదమూడు నవలలనూ హాడో సొంత డబ్బుతో కొని చదివాడు. తనదీ అదే ఉద్యోగమన్న సంగతి చదువుతున్నంతసేపూ ఆయనకు ఒక్కసారి కూడా తట్టలేదు.

పద్నాలుగోది మొదలుపెట్టాడు. ఎగిరే జలాంతర్గామి వచ్చింది. అలాంటిది శాఖలో లేదు కనుక అభ్యంతరం లేదు. విషం చిమ్మే గొడుగు వచ్చింది. శాఖలో మామూలు గొడుగులే చాలవు కనుక అదీ ఫర్వాలేదు. నూట పన్నెండో పేజీ దగ్గర ఆయన ఆగి, చదివిందే మళ్లీ చదివాడు. తార్న్ తన ఆఫీసు లిఫ్టులో మూడు గంటలు ఇరుక్కుపోయాడు. మరమ్మతు కాగితం మీద సంతకం చేయవలసిన పెద్దసారు, భోజనం చేసి, మొహం మీద పత్రిక కప్పుకుని నిద్రపోతున్నాడు. లేపే ధైర్యం ఎవరికీ లేదు.

అక్షరాలా నిజం. ఆ క్షణాన కూడా శాఖలో జరుగుతున్న నిజం.

వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. వెంటనే అంటే, పెద్దసారు సర్ ఆల్జెర్నన్ ఫోస్‌డైక్ నిద్ర లేచాక.

“పెద్దమనుషులారా!” అన్నాడాయన. “ఎగిరే జలాంతర్గామి సంగతి శత్రువుకు తెలిస్తే తెలియనివ్వండి, మనకు అది లేదు! లిఫ్టు ఉంది. అది నడవదన్నది ఈ దేశానికి మిగిలిన చిట్టచివరి రహస్యం! దాన్ని అమ్ముకున్న ద్రోహి ఎవరో ఆ రచయిత్రి చెప్పాలి. చెప్పకపోతే జైలు!”

చప్పట్లు మోగాయి. మర్నాడు పొద్దున హాడోను రైలెక్కించారు.

రచయిత్రి మిస్ హెస్టర్ ప్రింగిల్‌కు డెబ్బై ఏళ్లు. వర్తింగ్ అనే ఊళ్లో, సముద్రపు ఒడ్డున తన ఇంటి అరుగు మీద, పిల్లికి ఎండుచేప ముళ్లు తీస్తూ కనిపించింది.

“లిఫ్టు సంగతి మీకెవరు చెప్పారమ్మా?” అని అడిగాడు హాడో.

“ఒకరు చెప్పాలా నాయనా? లండన్‌లో లిఫ్టు నడిచే సర్కారు ఆఫీసు ఒక్కటి చూపించు, నీ వెంటే వచ్చి చూస్తాను.”

“మరి పెద్దసారు నిద్ర?”

“మా నాన్న పోస్టాఫీసులో పెద్ద అధికారి.” ఆమె టీ పోసింది. “చక్కెర ఎన్ని చెంచాలు?”

“అమ్మా, మిమ్మల్ని జైల్లో పెడతారు.”

టీ కూజా గాలిలోనే ఆగిపోయింది. “పదిహేనో నవల సగంలో ఉంది. తార్న్ కొండ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. నేను లోపలికి పోతే ఆ పిచ్చినాయన్ని పైకి లాగేదెవరు?”

ముప్ఫై ఒక్క ఏళ్లలో పైవాళ్ల మాట హాడో ఎన్నడూ జవదాటలేదు. ఇప్పుడు నూట పన్నెండో పేజీ తెరిచి పెన్సిల్ తీశాడు. చెడిన లిఫ్టును కొట్టేసి, థేమ్స్ నది అడుగుకు పదకొండు సెకన్లలో దిగే గాజు లిఫ్టు రాశాడు. పెద్దసారు పక్కన ‘తొమ్మిదేళ్లుగా కన్ను మూయలేదు’ అని చేర్చాడు.

మిస్ ప్రింగిల్ చదివి పెదవి విరిచింది. “మరీ ఇంతా? ఎవరు నమ్ముతారు నాయనా?”

“మావాళ్లు నమ్ముతారమ్మా.”

నమ్మారు. సర్ ఆల్జెర్నన్ ఆ పేజీ రెండుసార్లు చదివి కళ్లు తుడుచుకున్నాడు. “నన్ను అచ్చు గుద్దినట్టు దింపేసింది! ఇంత దేశభక్తురాలి మీద కేసేమిటయ్యా?” అని గద్దించాడు. నవల అచ్చయింది. పార్లమెంటులో ఒక సభ్యుడు లేచి, మన గాజు లిఫ్టును చూసి తనకు గర్వంగా ఉందన్నాడు. శత్రుదేశం అలాంటిదే కట్టబోయి, రెండేళ్లపాటు ఒక నది అడుగున చిల్లులు పెట్టింది. శాఖ చరిత్రలో అదే మొదటి విజయం. పతకం సర్ ఆల్జెర్నన్‌కు వచ్చింది. దాన్ని ఆయన మెడలో వేసుకునేటప్పుడు బయట చప్పట్లు కొట్టినవారిలో హాడో కూడా ఉన్నాడు.

ఉద్యోగ విరమణ తర్వాత హాడో తాను చూసిందంతా, ఒక్క మాట కల్పించకుండా పుస్తకంగా రాశాడు. నియమం ప్రకారం శాఖ పరిశీలనకు పంపాడు. వారంలో తిరిగి వచ్చింది. మీద ముద్ర: ‘ఈ శాఖతో ఏ పోలికా లేదు. పూర్తిగా కల్పితం. అచ్చు వేసుకోవచ్చు.’

హాస్య నవలగా అచ్చయిన ఆ పుస్తకానికి ఏడు ముద్రణలు పడ్డాయి. రైళ్లలో, బస్సుల్లో జనం పొట్ట పట్టుకుని నవ్వారు. వాళ్లంతా ఆ ఏడాది కూడా, గడువు తప్పకుండా, ఆ శాఖ నడవడానికి పన్ను కట్టారు.