అల మీద అద్దె గది

సెలవురోజు పొద్దున్నే రాజలింగానికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. సముద్రమే లేని ఏదో ఊళ్లో, నదిలో ఒకేచోట లేచి నిలిచిన అల మీద కుర్రాళ్లు చెక్కలేసుకుని నిలబడటం ఫోన్లో చూశాడు. అలాంటి అలే, తాను మగ్గం పనికి వలసొచ్చి ఉంటున్న జోల్వా ఊరి కాలువలో, నీళ్లు మెట్టు దిగేచోట ఉంది. పొద్దంతా మగ్గం ముందు నిలబడేవాడికి ఇదో లెక్కా అనుకున్నాడు. బొజ్జ సంగతి గుర్తు రాలేదు.

భార్య పద్మారాణి స్నానానికి వెళ్లగానే దీవాన్ మంచం మీది ప్లైవుడ్ చెక్క భుజానికెత్తాడు. పక్కింటి సారక్క చూడనే చూసింది.

"ఏంది తమ్మీ, కమరా ఖాళీ చేస్తున్నరా?"

నిజం చెప్తే నవ్వుతుందని, "అవునక్కా" అనేశాడు.

లోపలే నల్లా ఉన్న గది జోల్వాలో ఖాళీ అయితే ఆ మాట ఆగుతుందా? సారక్క వెళ్లి ఇంటి యజమాని రమణ్‌భాయ్‌కి చెప్పింది. ఆయన ఎప్పటినుంచో గది అడుగుతున్న లింగమూర్తికి ఫోన్ చేశాడు. లింగమూర్తి వెంటనే టెంపో మాట్లాడాడు.

అల మీద రాజలింగం నిలబడింది రెప్పపాటు. చెక్క మాత్రం కాలువ వెంట చాలా దూరం పోయింది. తడిబట్టలతో ఇంటికొస్తే గుమ్మం ముందు లింగమూర్తి సామాను, గుమ్మానికి అడ్డంగా పద్మారాణి.

"కమరా ఇడిచిపెట్టినవా? నన్నొక్క మాట అడిగినవా?"

"ఇడువలే! కాలువల అల మీద నిలబడదామని చెక్క తీస్కపోయిన."

అబద్ధాన్ని ఇట్టే నమ్మిన వీధి, నిజాన్ని నమ్మలేదు. నిలబడి చూపిస్తే గది నీదేనని రమణ్‌భాయ్ హిందీలో షరతు పెట్టాడు. వీధంతా కాలువకు కదిలింది. చెక్క లింగమూర్తే తన సామానులోంచి తీసిచ్చాడు, పాపం.

రాజలింగం ఎక్కాడు, పడ్డాడు. మళ్లీ ఎక్కాడు, ఈసారి ఇంకా బాగా పడ్డాడు.

"నాకు పడుడే మంచిగ అస్తున్నది," అన్నాడు నీళ్లు ఉమ్మేస్తూ. గది పోయినట్టేననుకున్నాడు.

పద్మారాణి కొంగు బిగించింది. "జర జరుగు. బిందె పట్టుకొని బయట లైన్ల నిలబడుడు నాతోని కాదు."

చెక్క ఎక్కింది. ఊగింది, తూలింది, నిలబడింది. నడుమ్మీద చెయ్యి కూడా పెట్టుకుంది. రమణ్‌భాయ్ "బస్, బస్" అని, ఇక చాలని మొత్తుకునేదాకా దిగలేదు.

గది ఈ బెహన్‌దేనని రమణ్‌భాయ్ అందరిముందూ తేల్చేశాడు. రాజలింగం అందులో ఉండొచ్చా లేదా అన్నది ఆవిడ ఇష్టమన్నాడు.

రాజలింగం నీళ్లోడుతూ వెళ్లి అడిగాడు. ఆలోచించి చెప్తానంది పద్మారాణి.