చెవిదానం

పిల్ల చదువు కోసం దేశం విడిచి వచ్చిన మన ఇంజనీరుగారు, ఆ చదువుకే ప్రతి బుధవారం పొద్దున ఓ గంట ఉచితంగా సమర్పించుకుంటున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

పని చిన్నదే. కూతురి క్లాసులో చదవడం సరిగా రాని పిల్లల్ని ఒక్కొక్కళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు కూడబలుక్కుని చదువుతుంటే వినాలి. మధ్యలో దిద్దకూడదు, తొందరపెట్టకూడదు, ఫోను చూడకూడదు. ఇంత కష్టమైన ఉద్యోగం ఆయన జన్మలో చెయ్యలేదు.

సేవాభావం ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు, పై అంతస్తు డాక్టరుగారి వల్ల వచ్చింది. బడి తోటలో కలుపు తీస్తున్న తన ఫోటోని డాక్టరుగారు మనవాళ్ల గ్రూపులో పెట్టారు. అది చూశాక ఇంజనీరుగారికి అన్నం సయించలేదు. మర్నాడే బడికెళ్లి సేవకి పేరిచ్చొచ్చారు.

మోకాళ్లు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీలో ఆయన వింటుంటే చూసి తీరాలి. ఎవరి పిల్లాడో ఏనుగు అనే మాట దగ్గర ఆగిపోతే, ఆ ఏనుగు అడవి నుంచి నడిచొచ్చేదాకా చిరునవ్వు చెదరనివ్వరు.

ఓ బుధవారం సాయంత్రం కూతురు పుస్తకం పట్టుకొచ్చింది.

"నాన్నా, ఒక్క పేజీ వినవా?"

"అలిసిపోయానమ్మా. పొద్దున్నంతా మీ బళ్లో పిల్లలవి విన్నాను కదా!"

"నేనూ ఆ బళ్లోనే ఉన్నాగా?"

"నువ్వు బాగా చదువుతావు బంగారం. బాగా చదివేవాళ్లవి వినక్కర్లేదు."

ఈ విద్యావిధానం పిల్లకి వెంటనే బోధపడింది. పై బుధవారం ఆయన పక్కన కూర్చోడానికొచ్చిన వెనకబడ్డ పిల్లల్లో ఆయన కూతురు కూడా తనంతట తనే వచ్చి చేరింది. 'ఇల్లు' అన్న మాట దగ్గరే చతికిలబడింది.

ఇంజనీరుగారికి తల కొట్టేసినట్టయింది. డాక్టరుగారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా! టీచరు దగ్గరికి పరిగెత్తారు.

"నా దగ్గర గడగడా చదువుతుందండీ. మీ ముందే తడబడుతోంది" అందావిడ.

ఇంటికొచ్చి చెబితే భార్య నిట్టూర్చింది. "దానికి కావలసింది మీరండీ."

"నీ మొహం! అది భయం. తండ్రంటే ఆ మాత్రం భయం ఉండాలి. పెంపకం అంటే అదీ!"

అదృష్టవశాత్తూ డాక్టరుగారు కూడా కలుపు వదిలి వినడంలోకి దిగారు. వాళ్లబ్బాయికీ తండ్రి ముందు ఇదే జబ్బట. పెద్దమనుషులిద్దరూ కాఫీ తాగుతూ చర్చించుకుని పిల్లల్ని మార్చుకున్నారు. వారం తిరక్కుండా జబ్బు కుదిరింది.

ఏడాది చివర సేవకుల సన్మానసభలో డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మా ఇంజనీరుగారి అమ్మాయి చదువుతుంటే చెవుల్లో తేనె పోసినట్టుంటుంది. పిల్లల కోసం సమయం కేటాయించే ఇలాంటి తండ్రులు మన జాతికే గర్వకారణం!" ఇంజనీరుగారి కళ్లు చెమర్చాయి. ఆ తేనె రుచి ఆయనకి పరాయివాళ్లు చెప్పగా వినడమే.

ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది. పుస్తకం పట్టుకుని ఎవరూ వెంటపడటం లేదు. మొన్న తీరిక దొరికి ఆయనే పలకరించారు.

"ఏమ్మా, ఈమధ్య ఏం చదువుతున్నావ్?"

"డాక్టరంకుల్ని అడుగు నాన్నా. ఆయనకి తెలుసు" అంది, తల ఎత్తకుండా.

పిల్లకి పెద్దలంటే ఎంత గురి అని ఆయన మురిసిపోయారు.

అన్నట్టు, మీ పక్కన కూడా ఎవరో ఇందాకట్నుంచి నించున్నట్టున్నారు. కాస్త ఆగమనండి, మీరు చదువుకుంటున్నారు కదా.