అద్దాల పార్కు, రకియా బట్టీ

మా గోర్నా క్రుషా సైన్స్ పార్కులో ఇంతవరకు ఒక్క కొత్త వస్తువూ పుట్టలేదు. దాని గొప్పతనమంతా అందులోనే ఉంది!

నవ్వకండి. కొత్త వస్తువు పుడితే ఎంత చాకిరీ! వాడటం నేర్చుకోవాలి, చెడితే బాగుచేయించుకోవాలి. మా పార్కు మాకా బెడద పెట్టలేదు. గడ్డి పచ్చగా ఉంది. అద్దాలు ఎంత శుభ్రమంటే, ఒక కొంగ అందులో తన్ను తాను చూసుకుని, పెళ్ళి కుదిరిందనుకుని, ఆ ఏడు ఆఫ్రికా ప్రయాణమే మానుకుంది. రాజధాని సోఫియాలో ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త మంత్రి వచ్చి పార్కును మళ్ళీ ప్రారంభిస్తాడు. ఇన్నిసార్లు బారసాల జరిగిన బిడ్డ మీ ఊళ్ళో ఉందా?

ఇక లోపలి క్రమశిక్షణ! ఏ అంతస్తు వాళ్ళ కార్డు ఆ అంతస్తు తలుపే తెరుస్తుంది. మేధావులు ఒకచోట చేరితే కొత్త ఆలోచనలు పుడతాయని మేడ కట్టారు. పుడితే ప్రమాదమని తలుపులు బిగించారు. ఇంతకన్నా ముందుచూపు ఏముంటుంది?

మా పక్కింటి రదోస్తినాకే ఇది తలకెక్కలేదు. పండ్ల సారా కాచే రకియా బట్టీలో ప్లమ్ గుజ్జు అడుగంటబోతుంటే ముందే కూత పెట్టే యంత్రం చేసిందా పిల్ల. చుట్టుపక్కల బట్టీల వాళ్ళు మాకూ కావాలన్నారు. మామగారేమో తన కారు వానలో తడుస్తోందని, ఆమె పని చేసుకునే గ్యారేజీ ఖాళీ చెయ్యమన్నాడు. పండ్లు రాలేలోగా చోటు దొరక్కపోతే కూత అక్కడితో సరి. పార్కులో గది అడగడానికి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను.

"పని చేస్తుందా?" అన్నాడు డైరెక్టర్ కరాస్తోయనోవ్.

"ఎందుకు చెయ్యదండీ! పోయినేడు మా బట్టీలో ఒక్క వాయి మాడలేదు."

"అదేనమ్మా చిక్కు! పని చేసేదానికి పరిశోధనెందుకు? ఇక్కడ చోటు ఇంకా పని చెయ్యనివాటికి."

"అయితే పాడుచేసి పట్టుకురానా?"

"తొందరేం లేదు" అన్నాడు ఎంతో మర్యాదగా.

చేసేది లేక రదోస్తినా తన బల్లను ఊరి బట్టీ మూలన వేసుకుంది. పండ్ల రోజుల్లో మా ఊరంతా అక్కడే, ఎవరి పండ్లు వాళ్ళు కాచుకునే వంతు కోసం కూర్చుంటారు. మిరపకాయలు కాలుస్తారు, ఒకరి పనిలో ఒకరు వేలు పెడతారు. ఆ వరుసలో ఒక మీసాలాయన, ఒక కళ్ళజోడావిడ మాటల్లో పడ్డారు.

"మీరూ ఆ అద్దాల మేడలోనేనా?" అన్నాడాయన.

"నాలుగేళ్ళుగా. మూడో అంతస్తు."

"నేను రెండు. పైన కుర్చీ జరిపేది మీరన్నమాట! నేనింకా దెయ్యమనుకున్నాను!"

"దెయ్యాన్నైతే కిందికి దిగివచ్చి పలకరించేదాన్నండీ. నాకు మీ అంతస్తు కార్డు లేదు."

వంతు వచ్చేలోగా ఇద్దరూ కలిసి రదోస్తినా యంత్రాన్ని విప్పి, ఆమె చేత చీవాట్లు తిని, మళ్ళీ బిగించారు. కూత ఇంకా ముందుగా వచ్చింది!

అప్పుడే తన పండ్ల పీపా దొర్లించుకుంటూ వచ్చిన డైరెక్టర్ ఇది చూసి కళ్ళొత్తుకున్నాడు. "ఆవిష్కరణంటే ఇదీ! ఈ బట్టీ ఉండాల్సింది మన పార్కు హాల్లో!"

"అక్కడ నిప్పెలా పెట్టాలండీ?" అంది రదోస్తినా.

"నిప్పెందుకమ్మా? చుట్టూ తాడు కట్టి చూపిస్తాం."

బట్టీని పెకలించుకుపోవడానికి లారీ వచ్చి గుమ్మంలో నిలబడింది. అయితే మా ఊరి కట్టుబాటొకటుంది. వరుసలో చివరివాళ్ళ వాయి దిగేదాకా బట్టీ కింద నిప్పు ఆర్పకూడదు. లారీ డ్రైవర్ ఈ చుట్టుపక్కలవాడే, కట్టుబాటు తెలిసినవాడు. అతనూ ఇంటినుంచి ఒక పీపా తెప్పించుకుని వరుసలో కూర్చున్నాడు. ప్లమ్ పండ్లు అయిపోయాయి. బేరి పండ్లు నడుస్తున్నాయి. రదోస్తినా బల్లమీద యంత్రాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి.

సైన్స్ పార్కు చల్లగా ఉండాలి, దానికి ఇంకా అంతస్తులు లేవాలి! మీరు మాత్రం మీ పెరట్లో రాలిన పండు ఏదైనా సరే, పుచ్చిందైనా సరే, పట్టుకుని త్వరగా రండి. వరుసలో నా వెనక ఒకావిడే మిగిలింది.