తెల్లబోయిన ప్రివ్యూ

పదింటికల్లా కథ పత్రికకు పంపేయాలి, వంట సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆ పొద్దున ఇల్లాలు వేసుకున్న పథకం ఇంతే. మూడు నెలలు కుస్తీ పట్టి రాసిన నాలుగు పేజీల తొలి కథ అది. మొగుడికి కూడా చూపించలేదు.

ఆ మొగుడు ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆమె రాతలు ఎవరి కంటా పడకూడదని ముందురోజే ఇంటి కంప్యూటర్లో ఫైళ్లకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఆ ముక్క ఆమెకు చెప్పలేదు. మంచి చేసి చెప్పకపోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఎనిమిదింటికి ఆమె ఫైలు పేరు మీద ఒక్క నొక్కు నొక్కి, అలవాటుగా పక్కన, ఫైలు తెరవకుండానే లోపలి రాత చూపించే ప్రివ్యూలోకి చూసింది. తెల్లకాగితం.

"ఏవండీ! నా కథంతా పోయింది!"

"కంగారుపడకు. తాళం తీసేస్తే అదే కనిపిస్తుంది."

"తాళమేంటి?"

ఆమె ఏడుపుమొహం చూసి, కంగారులో ఆయన ఆ సాఫ్ట్‌వేర్‌నే పీకేశాడు. ఇప్పుడు ఫైలు తెరిచినా పిచ్చిగీతలే. ఆమె కళ్లనిండా నీళ్లు. కాసేపటికి నోటుపుస్తకం తెచ్చుకుని మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.

ఆయన వంటింట్లోకి జారుకుని ఆఫీసు మిత్రుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"తాళం వేసిన ఫైలుకి ప్రివ్యూ రాదు గురూ! రెండు నొక్కులు నొక్కి తెరిస్తే సరిపోయేదిగా. మళ్లీ ఎక్కించి నిన్న పెట్టిన పాస్‌వర్డే కొట్టు," అన్నాడు మిత్రుడు.

"ఆఫీసులో అందరికీ నేను చెప్పేది కూడా అదే."

"మరి ఇప్పుడేమైంది?"

"ఆఫీసులో ఎవరూ ఏడవరు కదరా."

తొమ్మిదింబావుకు కథ చెక్కుచెదరకుండా తెరుచుకుంది. అక్షరాలన్నీ ఉన్నాయో లేదో చూద్దామని చదివాడు. అందులో ఒక మొగుడున్నాడు. చిన్న స్క్రూ పోతే ఇల్లంతా వెతుకుతాడు, పెళ్లాం రెండు రోజులు మాట్లాడకపోయినా గమనించడు. అబద్ధమని కొట్టిపారేద్దామంటే ఒక్క ముక్కా దొరకలేదు. ఆయనకు బాధేసింది.

"దొరికింది," అన్నాడు తలవంచుకుని. "చాలా బాగా రాశావు. పంపెయ్."

ఆమె ఆయన చెమట పట్టిన మొహంకేసి ఒక్క క్షణం చూసి, నోటుపుస్తకం ముందుకు తోసింది. "ఇదే పంపుదాం. టైపు చేయండి."

ఇందులోనూ అదే మొగుడు. కానీ చివరి పేజీలో అతను పెళ్లాం పోగొట్టుకున్న కథ కోసం ఊపిరి బిగబట్టి వెతుకుతున్నాడు. ఆయన రెండుసార్లు కళ్లు తుడుచుకుని మరీ టైపు చేశాడు. పదికి రెండు నిమిషాలుండగా కథ వెళ్లిపోయింది.

పాత కథ ఇంకా కంప్యూటర్లోనే ఉంది. దాని ప్రివ్యూ బాగుచేసే తీరిక మాత్రం ఆయనకు ఇంతవరకు దొరకలేదు.