మూడో పిలుపు

తిరుపతి కట్టుకున్న కొత్త ఇంట్లో ఆ ఉదయం పాలు పొంగించాలి. అక్క సునంద, బావ సాంబమూర్తి సత్తుపల్లి నుంచి రాగానే పొయ్యి వెలిగించాలని అనుకున్నారు. చర్ల దాటాక కల్వర్టు కొట్టుకుపోయిన చోట వాళ్ల జీపు ఆగింది. అక్కడి నుంచి సునంద పుట్టింటి ఊరికి వాగు దాటి నడవాలి. మంచులో వాగు కనిపించలేదు. చప్పుడు మాత్రం వినిపించింది.

సునంద చెప్పులు చేతిలోకి తీసుకుంది. "నా ఎనకనే నడువున్రి. గీ మంచుల ఎవరన్న పేరు వెట్టి పిలిస్తే పలుకొద్దు. మూడోసారి గూడ పిలిస్తేనే మనిషి. అది రెండుసార్ల కంటె ఎక్కువ పిలువది."

"ఏది?"

"దాని పేరు పొద్దుగాల తియ్యరు."

సాంబమూర్తి ఓపెన్‌కాస్టు గనిలో కార్మికులతో పని చేయించే ఓవర్‌మన్‌గా రిటైరయ్యాడు. సర్వీసులో ఎవరినీ మూడోసారి పిలవలేదు. రెండో పిలుపుకు రానివాడికి మెమో వెళ్లేది. ఇంట్లోనూ అదే పద్ధతి. కూరలో ఉప్పు తక్కువైతే రెండుసార్లు అడిగేవాడు. రాకపోతే చప్పగా తిని లేచేవాడు.

"గనిల వందమందికి దారి చూపినోన్ని. నీ ఎనక నడుసుడేంది?" అని పక్క బాట పట్టాడు.

"మీ ఇష్టం," అంది సునంద. బతిమాలడం ఆమెకూ చేతకాదు.

ఆ బాట వాగులోకి దిగి అక్కడే ఆగింది. సాంబమూర్తి ఆగలేదు. మోకాళ్లదాకా బురదలో కూరుకుపోయాక ఒక కాలు పైకి లాగి చూశాడు. రెండో కాలు ఇంకా దిగింది.

"సునందా," అని పిలిచాడు. కాసేపాగి, మళ్లీ "సునందా" అన్నాడు.

అవతలి గట్టు మీద సునంద నిలబడి విన్నది. గొంతు భర్తదే. మూడో పిలుపు కోసం ఊపిరి బిగబట్టింది. అది రాలేదు. ఆమె ఊళ్లోకి నడిచింది. కొంతదూరం పోయాక పరుగెత్తింది.

ఆమె చెప్పింది విని తల్లి ఉప్పలమ్మ అగ్గిపెట్టె పక్కన పెట్టింది.

"బావ గూడ రెండుసార్లే పిలుస్తడు గదక్కా," అన్నాడు తిరుపతి.

"అవ్. గదే నా బాధ. మొగడేదో అదేదో ఎట్ల తెలుస్తది?"

ఫోన్లకు సిగ్నల్ లేదు. తిరుపతి మోకు తాడు తీసుకుని గట్టుదాకా వెళ్లాడు. మంచులోంచి "తిరుపతీ" అని వినిపించింది. మళ్లీ "తిరుపతీ." అతను నోరు తెరవకుండా నిలబడ్డాడు. ఆ తర్వాత నీళ్ల చప్పుడే మిగిలింది. మోకు అక్కడే వదిలేసి వచ్చాడు.

"ఏమన్నది?" అని అడిగింది ఉప్పలమ్మ.

"నా పేరు గూడ తెలుసు దానికి."

అంతలో వాగు వైపు నుంచి "అత్తమ్మా" అన్న పిలుపు వచ్చింది, రెండుసార్లు. పెళ్లయిన నాటి నుంచి అల్లుడు ఆమెను అలా పిలిచింది లేదు. ఉప్పలమ్మ లేచి గడియ పెట్టింది.

"గిప్పుడు నమ్మకం కుదిరింది," అంది. "అల్లుడు గాదు."

వాగులో బురద సాంబమూర్తి నడుము దాటింది. ముగ్గురిని పిలిచాడు. ముగ్గురూ పలకలేదు. మెమో ఇచ్చే వీలు లేదు. చలి ఛాతీకి ఎక్కాక మళ్లీ నోరు తెరిచాడు.

"సునందా," అన్నాడు మూడోసారి. అది గట్టుదాకా కూడా పోయే పిలుపు కాదు.

మంచులోంచి ఒక చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. చేతికి గాజులున్నాయి. చెయ్యి నీళ్లకంటే చల్లగా ఉంది. ఒక్క లాగుకు ఆయన గట్టు మీద పడ్డాడు.

"జర జల్దీ రావొద్దా?" అన్నాడు దగ్గుతూ.

గాజుల చప్పుడు ముందు సాగింది. ఈసారి ఆయన వెనకే నడిచాడు. ఇళ్లు కనబడేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది.

కొత్త ఇంటి తలుపు మూసి ఉంది. "సునందా," అన్నాడు. "సునందా." ఇక ఆలోచించలేదు. "సునందా, తలుపు తియ్యి."

"మూడుసార్లయింది. మనిషే," అన్నది లోపల తిరుపతి గొంతు.

"మనిషే గావొచ్చు. మా ఆయన మాత్రం గాదు," అన్నది సునంద గొంతు. "ఆయన మూడోసారి పిలువడు."

సాంబమూర్తి నాలుగోసారి పిలిచాడు. లోపల రెండో గడియ పడింది. "నేనే, నీకు దండం పెడ్త," అన్నాడు. ఎవరో బల్ల ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టారు.

ఒంటి మీద బురద ఆరి బిగుస్తోంది. ఆయన తలుపుకు వీపు తిప్పి అరుగు మీద కూర్చున్నాడు.

"తియ్యకుంటె తియ్యకున్రి. మీ పాలు మీరే తాగున్రి. నేను బస్సుకు పోత."

బల్ల జరిగింది. గడియలు రెండూ తెరుచుకున్నాయి. సునంద బయటికొచ్చి బురదతో సహా ఆయన భుజం పట్టుకుంది.

"ఆయనే," అంది లోపలివాళ్లతో. "గిట్ల అలిగేది మా ఆయనొక్కడే."

వేడినీళ్లు పోశారు. పాలు పొంగాయి. గ్లాసు చేతికొచ్చాక సాంబమూర్తి అడిగాడు: "వాగుల నన్ను గుంజినంక ఒక్క మాటన్న మాట్లాడవేంది?"

సునంద తల్లిని చూసింది. తల్లి తిరుపతిని చూసింది.

"ఇంట్లకొచ్చినంక మీరొచ్చేదాక నేను గడప దాటలే," అంది సునంద.

సాంబమూర్తి గ్లాసు కింద పెట్టాడు. ఒకరికి కృతజ్ఞత చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఆ రోజు వాగు వైపు తిరిగి చేతులు జోడించి, తలుపు మూసి గడియ తనే పెట్టాడు.