వైద్యానికి సంబంధించని వాక్యాలు

మంగళవారం పొద్దున డాక్టర్ మెన్నో ఐలర్స్ ఒక పని పెట్టుకున్నాడు. ఆల్మూత్ హార్మ్స్‌ను తన రోగుల జాబితాలోంచి తీసెయ్యాలి. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆగి ఆమెను టీకి పిలవాలి. రోగితో స్నేహం పెంచుకున్న డాక్టరుకు లైసెన్సు మీదికి వస్తుంది కాబట్టి ఈ వరస తప్పదు.

అతనికి అరవై ఒకటి. భార్య పోయి పద్నాలుగేళ్ళయింది. ఆల్మూత్ కాలువ దగ్గర, పడవలొస్తే పైకి లేచే వంతెనను నడుపుతుంది. పదకొండేళ్ళుగా నెలనెలా ఏదో ఒక బాధ చెప్పుకుంటూ వస్తోంది. ఏ జబ్బైనా తన కన్నుగప్పితే రేపు కోర్టులో నిలబడాలన్న భయంతో ఐలర్స్ ఆమెకు గుండె, ఊపిరితిత్తులు, వెన్నెముక అన్నీ పరీక్ష చేయించాడు. ఏమీ దొరకలేదు. అతని కారు వెళ్ళినప్పుడల్లా వంతెన పైకి లేచి ఉండేది. వంతెన పక్క గదిలో కూర్చున్న ఆమెను కారు అద్దంలోంచి చూస్తూ పది నిమిషాలు ఆగేవాడు. ఆ రోజుకు అది చాలనుకునేవాడు. చాలేది కాదు.

ఉత్తరం మూడుసార్లు రాసి చించాక, సహాయకురాలు గేషెను పిలిచాడు.

"హార్మ్స్ గారు వేరే డాక్టరు దగ్గరికి మారితే బావుంటుందని మర్యాదగా ఒక ముక్క రాయండి."

"ఎందుకని రాయమంటారు?"

"కారణం వద్దు."

కారణం లేని ఉత్తరం చట్టం ముందు నిలవదని ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న గేషెకు తెలుసు. వైద్యసంఘం వారి నమూనా ఉత్తరం తీసి, పేరు పూరించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపింది.

శుక్రవారం లాయరు నోటీసు వచ్చింది. లాయరు ఆల్మూత్ మేనల్లుడు. 'మీ మీద మాకున్న నమ్మకం పూర్తిగా దెబ్బతిన్నందున' అని రాశారు కదా, ఎక్కడ, ఎలా దెబ్బతిందో చెప్పాలన్నాడు. రోగి ఫైలు మొత్తం నకలు వారంలోగా పంపాలన్నాడు.

"నమ్మకం దెబ్బతిందని ఎవరు రాశారు?" అన్నాడు డాక్టరు.

"సంఘం వాళ్ళే. నేను పేరు మాత్రం రాశాను," అంది గేషె. "ఇదే నయం. రెండో నమూనాలో సిబ్బందిని కొట్టినందుకు అని ఉంది."

డాక్టరుకు చెమట పట్టింది మాత్రం ఫైలు అనే మాట దగ్గర. తలుపేసుకుని కంప్యూటరు తెరిచాడు. 'రక్తపోటు 128/80. నీలం మఫ్లరు. వానలో నడిచి వచ్చింది.' 'మోకాలు నొప్పి అంటోంది. మోకాలు బాగానే ఉంది. నవ్వింది.' ఒకచోట వైద్యమన్నదే లేదు: 'ఈ నెల రాలేదు.'

మఫ్లరు వాక్యాన్ని తొలగించాడు. దాని మీద ఎర్ర గీత పడింది. వాక్యం అలాగే ఉంది. పక్కన కొత్త వరస చేరింది: 'తొలగించినవారు: డా. ఐలర్స్, ఉదయం 10.14.' రోగి ఫైలులో రాసింది చెరిపినా కనబడాలని చట్టం. ఆ చట్టం కంప్యూటరుకు తెలుసు. పది వాక్యాలు తొలగించేసరికి ఫైలు తెరిచిన ఎవరికైనా ముందు అవే కనబడేలా తయారైంది.

నకలు తీస్తూ గేషె, "ఇందులో వైద్యం తక్కువగా ఉంది డాక్టర్ గారూ," అని మాత్రం అంది.

వృత్తి బీమా కంపెనీకి ఫోన్ చేశాడు. అటునుంచి ఒకావిడ, "ఆవిడతో మాట్లాడకండి. 'క్షమించండి' అనే మాట అసలు రాకూడదు. అన్నారంటే తప్పు ఒప్పుకున్నట్టే," అంది.

"ఎదురుపడితే పలకరింపుగా 'మోయిన్' అనొచ్చా? మా ఊళ్ళో అందరం అంటాం."

"అనండి. మరీ ఆప్యాయంగా వద్దు."

ఎనిమిది రోజులు అతను వంతెన తప్పించి పద్దెనిమిది కిలోమీటర్లు చుట్టు తిరిగి రోగుల ఇళ్ళకు వెళ్ళాడు. తొమ్మిదో రోజు ఆ దారిలో పైపుల కోసం తవ్వారు. వంతెన దగ్గరికి రాక తప్పలేదు. వంతెన పైకి లేచి ఉంది. గేటు దించి ఉంది. ఆల్మూత్ చంకలో ఆ ఫైలు నకలుతో కారు దగ్గరికి వచ్చింది.

"మోయిన్, డాక్టర్ గారూ."

"మోయిన్," అన్నాడు, మరీ ఆప్యాయంగా కాకుండా.

"దిగండి. టీ పెట్టాను."

"మీతో మాట్లాడకూడదు. బీమా వాళ్ళు..."

"మాట్లాడమని ఎవరన్నారు? తాగండి."

ఆ ప్రాంతంలో టీకి కూర్చుంటే మూడు కప్పులు తాగాలి. మధ్యలో లేస్తే మూడు తరాలు చెప్పుకుంటారు. అతను ఆమె గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. కప్పులో పటికబెల్లం ముక్క వేడికి చిటపటమంది.

మొదటి కప్పు తాగుతుండగా ఆమె ఫైలు తెరిచింది. "2017 మార్చి. నీలం మఫ్లరని రాశారు. అది ఆకుపచ్చది. తప్పుంటే సవరించమనే హక్కు నాకుందట."

"సవరిస్తాను."

వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి. ఆమె రెండో కప్పు పోసింది.

"మోకాలు బాగానే ఉందన్నారు. నిజమే. నడుమూ బాగానే ఉంది. పదకొండేళ్ళలో నాకు ఒక్క జబ్బూ లేదు. స్కాన్ తీసే ఆ గుహలాంటి మిషన్లోకి మూడుసార్లు తోశారు నన్ను. ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

"ఏమని?"

ఆమె 'ఈ నెల రాలేదు' అన్న వాక్యం మీద వేలు పెట్టింది. అతను కప్పు కింద పెట్టాడు. "క్షమించండి," అన్నాడు. బీమా ఆవిడ మాట అప్పుడు గుర్తు రాలేదు.

హారన్లు పెరిగాయి. అతను కిటికీలోంచి కాలువలోకి చూశాడు. "పడవేదీ లేదే?"

"మీ కారు వచ్చినప్పుడు ఎప్పుడైనా ఉందా?" అంటూ ఆమె ఫైలులోంచి ఒక కాగితం తీసింది. "పక్క ఊరి డాక్టరమ్మ దగ్గర రోగిగా నిన్ననే చేరాను. కేసు వద్దన్నాను. మా మేనల్లుడు రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు. మూడో కప్పు పొయ్యనా?"

అతను కప్పు చాపాడు.

వంతెనల శాఖకు పద్నాలుగు ఫిర్యాదులు అందాయి. పడవ లేకుండా నలభై నిమిషాలు వంతెన ఎందుకు లేపి ఉంచారని పై అధికారులు సంజాయిషీ అడిగితే, కారణం రాయాల్సిన గడిలో ఆల్మూత్ 'అత్యవసర వైద్యం' అని రాసి పంపింది.